విగ్రహాల నగరం, కొండల బాకీ

విశాఖ బీచ్ రోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే తెలుగువాళ్ళ చరిత్రలో సగం మంది విగ్రహాలై ఎదురొస్తారు. గురజాడ, శ్రీశ్రీ, అల్లూరి, ఇంకా ఎందరో. ఎవరి జయంతి వస్తే వాళ్ళ దగ్గర పొద్దున్నే నిచ్చెన వేస్తారు. బంతిపూల దండ పడుతుంది, నాలుగు మాటలు మాట్లాడతారు, ఫొటోలు దిగుతారు, ఎండ ఎక్కేలోపు నిచ్చెన వెళ్ళిపోతుంది. ఆ దండ ఉప్పుగాలికి రెండు రోజుల్లో నల్లబడి, మళ్ళీ ఎవరో వచ్చి తీసేదాకా అలాగే వేలాడుతుంది. పీఠం మీద ఏముందా అని వంగి చూస్తే పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఆవిష్కరించినవారి వివరాలు కనిపిస్తాయి. ఆయన ఏం చేశాడో, ఎవరితో కలిసి చేశాడో చెప్పే వాక్యం మాత్రం చాలాచోట్ల దొరకదు.

విగ్రహాలు వద్దని నేను అనను. మనం ఎవరిని తలుచుకుంటున్నామో పిల్లలకి కనిపించాలి. కానీ మహానుభావుల వారసత్వాన్ని మనం పేర్లతోనే లెక్కపెట్టి ఊరుకుంటున్నాం. ఆ మనిషి ఎదగడానికి చోటిచ్చింది ఎవరు? ఆ చోటు కట్టడానికి డబ్బు ఎవరి కష్టం నుంచి వచ్చింది? ఆయన పక్కన నిలబడ్డవాళ్ళు ఏమయ్యారు? ఇవి అడగకుండా వారసత్వం గురించి ఎంత మాట్లాడినా అది సభా మర్యాదే అవుతుంది. విశాఖలో నిలబడి ఈ ప్రశ్నలు అడిగితే జవాబు సముద్రం వైపు దొరకదు. తూర్పు కనుమల్లోకి ఎక్కాల్సి వస్తుంది.

ముందు ఊళ్ళోని ఒక కాలేజీతో మొదలుపెడతాను. 1860లో చిన్న స్కూలుగా మొదలై తర్వాత మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ అయిన సంస్థ అది. సి.వి.రామన్ తండ్రి చంద్రశేఖర అయ్యర్ 1892లో అక్కడ లెక్కలు, ఫిజిక్సు చెప్పడానికి వచ్చారు. తిరుచిరాపల్లిలో పుట్టిన రామన్ ఊహ తెలిశాక పెరిగింది విశాఖలోనే. పదకొండేళ్ళకి మెట్రిక్ పాసై, ఆ కాలేజీలోనే ఎఫ్.ఎ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) పూర్తిచేసి, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్ళాడు. అల్లూరి సీతారామరాజు కొంతకాలం అక్కడే చదివాడు. శ్రీశ్రీ 1935లో అక్కడ డిమాన్‌స్ట్రేటరుగా పనిచేశాడు. మహాప్రస్థానం గీతాల్లో చాలావాటిని ఆయన రాసిన రోజులు కూడా ఇంచుమించు అవే. 1945లో ఒక్క పరిశోధనా పత్రంతో ప్రపంచ గణాంకశాస్త్రంలో తన పేరు నిలిపి, 2023లో నూటరెండేళ్ళ వయసులో కన్నుమూసిన సి.ఆర్.రావు ఇంటర్మీడియట్ చదివింది ఆ కాలేజీలోనే.

ఒక నోబెల్ శాస్త్రవేత్త, ఒక విప్లవ వీరుడు, ఒక యుగకవి, ఒక గణాంక శాస్త్రవేత్త. నలుగురూ ఒకే ఆవరణలో తిరిగారు. ఏ దేశంలోనైనా ఒక చిన్న రేవు పట్నంలోని కాలేజీకి ఇది మామూలు సంగతి కాదు. అయినా విశాఖలో వందమందిని ఆపి అడగండి, ఈ నాలుగు పేర్లనీ ఆ కాలేజీతో కలిపి చెప్పేవాళ్ళు ఎంతమంది దొరుకుతారో.

ఇంకో కథ ఉంది. అది నాకు వీటన్నిటికంటే ఇష్టం. 1906లో ఈ ప్రాంతపు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా జె.ఎ.యేట్స్ అనే ఇంగ్లీషాయన వచ్చాడు. తెలుగు నేర్చుకుంటుంటే ఆయనకి ఒక అనుమానం వచ్చింది. పుస్తకంలో ఉన్న తెలుగు వీధిలో ఎవరూ మాట్లాడటం లేదేమిటి అని. ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి.శ్రీనివాస అయ్యంగార్‌ని అడిగితే, దీని సంగతి తేల్చగలిగినవాళ్ళు ఇద్దరున్నారని గురజాడ పేరు, గిడుగు పేరు చెప్పారు. వ్యావహారిక భాషోద్యమం ఊపందుకున్నది ఆ కలయికతోనే. ఇవాళ నేను ఈ వ్యాసం ఇలా రాయగలుగుతున్నానంటే, మీరు పేపరు చదివి వెంటనే అర్థం చేసుకోగలుగుతున్నారంటే అందులో అయ్యంగారి పాలు కూడా ఉంది. తమిళుడు, ఇంగ్లీషులో చరిత్ర పుస్తకాలు రాసినవాడు. తెలుగు కోసం కొట్లాడినవాళ్ళ జాబితా చదివేటప్పుడు ఆయన పేరు ఎందుకో జారిపోతుంది.

ఆ కాలేజీ ఎక్కడి నుంచి వచ్చింది? గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసు అబ్జర్వేటరీలో టి.జి.టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840లో డాబాగార్డెన్స్‌లోని తన ఇంట్లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళకే, 1856లో పోయాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని వదలకుండా నడిపాడు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా వెళ్ళడాన్ని విశాఖ నుంచి గమనించి రాసిపెట్టాడు. ఎ.వి.ఎన్. అంటే ఆ నరసింగరావే. ఆ కుటుంబం ఇచ్చిన సొమ్ముతోనే కాలేజీ నిలబడింది. ఇవాళ డాబాగార్డెన్స్ వెళ్తే షాపులు, ఆసుపత్రులు, ఆటోల రద్దీ. ఒకప్పుడు ఇక్కడి నుంచి టెలిస్కోపుతో ఆకాశాన్ని కొలిచారంటే నమ్మబుద్ధి కాదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పకుండా ఉండలేను. రామన్ మన సముద్రపు నీలిరంగు చూసే తన ఆలోచన పట్టుకున్నాడని విశాఖలో సభల్లో చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆయనకి ఆ ప్రశ్న పట్టుకున్నది 1921లో ఓడ మీద వెళ్తూ మధ్యధరా సముద్రాన్ని చూసినప్పుడు. మన ఊరికి లేని గొప్ప అంటగట్టుకోవాల్సిన అవసరం లేదు. ఆయన తండ్రికి ఉద్యోగం ఇచ్చిన కాలేజీ, ఆ పిల్లాడు పదమూడేళ్ళ లోపు చదవగలిగిన పుస్తకాలు, ఆ కాలేజీ ల్యాబు ఈ ఊళ్ళో ఉన్నాయి. ఆ గొప్ప చాలు.

ఇక ఆంధ్ర యూనివర్సిటీ. 1926లో చట్టం ద్వారా పుట్టింది, మొదట బెజవాడలో ఉంది, 1930లో వాల్తేరు గుట్టల మీదికి వచ్చింది. అంటే ఈ 2026కి సరిగ్గా వందేళ్ళు. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి ఉప్పు సత్యాగ్రహం నాటి ప్రభుత్వ దమనకాండకి నిరసనగా 1930లో పదవి వదులుకున్నారు. వైస్ ఛాన్సలర్లు అలా కూడా ఉండేవారని ఇప్పటి పిల్లలకి చెప్పాలి. తర్వాత 1931 నుంచి అయిదేళ్ళు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన దేశం నలుమూలల నుంచి కుర్రవాళ్ళని ఏరి తెచ్చారు. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ లాంటివాళ్ళు ఇక్కడ పాఠాలు చెప్పి వెళ్ళారు. కలకత్తాలో రామన్ దగ్గర పరిశోధన చేసిన సూరి భగవంతం 1932లో వచ్చి ఫిజిక్సు విభాగం కట్టాడు. 1934లో వచ్చిన టి.ఆర్.శేషాద్రి మొక్కల రంగుల రసాయనశాస్త్రంలో ఇక్కడి నుంచే పేరు తెచ్చుకున్నాడు.

ఇంతమందికి జీతాలు, గాజు సామాను, బర్నర్లు, కట్టడాలు ఎలా వచ్చాయి? ఇప్పుడు ఒడిశాలో ఉన్న జయపురం ఎస్టేటు మహారాజా విక్రమదేవ్ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. 1930ల్లో లక్ష. అందుకే సైన్సు కాలేజీకి జయపూర్ విక్రమదేవ్ కాలేజీ అని పేరు పెట్టారు, జె.వి.డి. కాలేజీ అన్నది అదే. ఆయన స్వయంగా పండితుడు. ఆ దానం ఆయన గొప్పతనమే, అందులో నాకు సందేహం లేదు.

నేను ఆ యూనివర్సిటీలోనే కెమిస్ట్రీ చదివాను. మా పాత ల్యాబులో బల్లలు లావుపాటి టేకువి. యాసిడ్ పడి పడి నల్లటి మచ్చలు, వాటి మధ్య ఎప్పటివాళ్ళో చెక్కుకున్న పేర్లు. నా పక్క స్థలం కొరాపుట్ వైపు నుంచి వచ్చిన ఒక ఆదివాసీ కుర్రాడిది. సెలవులకి వెళ్ళి కిరండూల్ పాసింజరులో తిరిగొచ్చేటప్పుడు ఒక గోనెసంచిలో బియ్యం, రాగులు, ఎండు చింతపండు తెచ్చుకునేవాడు. హాస్టల్లో అందరికీ పంచేవాడు. బ్యూరెట్ పట్టుకుంటే చెయ్యి వణికేది కాదు, మా బ్యాచ్‌లో అంత నిదానంగా టైట్రేషన్ చేసేవాడు లేడు. ఒకరోజు మా మేష్టారు క్లాసులో విక్రమదేవ్ వర్మ దానం సంగతి చెప్పారు. బయటికి వచ్చాక వాడు చాలా మామూలుగా అన్నాడు: "ఆ రాజుగారికి మా తాతముత్తాతలే కదరా సిస్తు కట్టింది. అంటే ఈ బల్ల డబ్బులు మా ఊరివే." అందులో కోపమేమీ లేదు. సొంత ఇంటి వస్తువుని గుర్తుపట్టినట్టు ఆ బల్ల మీద చెయ్యి పెట్టి చెప్పాడు.

వాడి మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అది అక్షరాలా నిజం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా జయపురం, కొరాపుట్ అప్పటి విశాఖపట్నం జిల్లాలోనే ఉన్నాయి. ఆ ఎస్టేటు ఆదాయమంటే కొండవాళ్ళ పంట, కొండవాళ్ళ అడవి. తీసుకున్న కొద్దిపాటి అప్పుకి మనిషినే ఏళ్ళ తరబడి పాలేరుగా కట్టేసుకునే 'గోతి' అనే పద్ధతి ఆ కొండల్లో ఉండేది. వెట్టి ఉండేది. ఆ నేల మీద వసూలైన సిస్తులోంచి ఒక లక్ష ఏటా కొండ దిగి వాల్తేరు వచ్చింది, ఇక్కడ గాజు కుప్పెలైంది, పుస్తకాలైంది, పేరున్న ప్రొఫెసర్ల జీతమైంది. తర్వాత సరిహద్దు గీత పడింది. డబ్బు ఇచ్చిన కొండలు ఇంకో రాష్ట్రంలో ఉండిపోయాయి, డబ్బుతో కట్టిన బల్లలు మన దగ్గర ఉండిపోయాయి.

ఆ మాటకొస్తే కొండల నుంచి వచ్చింది డబ్బొక్కటే కాదు. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు ఆ కొండల నీళ్ళదే. 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించడానికి వేసిందే. మా స్నేహితుడు గోనెసంచితో ఎక్కిన రైలు నడిచేది ఆ పట్టాల మీదే. మన ఊరి వెలుగులో, మన ఊరి వ్యాపారంలో ఆ కొండల పాలు ఎంత ఉందో ఒక్క పీఠం మీదా రాయలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, వచ్చింది కూడా. మా ఇంట్లోనే మా బాబాయి అన్నాడు: "అయితే జమీందార్లందరూ దోపిడీదార్లేనా? దేశంలో ఎంతమంది రాజులు ఆ సిస్తుతో కార్లు కొనలేదు, వేటలు ఆడలేదు? ఈయన యూనివర్సిటీకి ఇచ్చాడు, అది మెచ్చుకోవద్దా?" మెచ్చుకోవాలి. నేను మెచ్చుకుంటున్నాను. ఇంకొక రాజుకి రాని ఆలోచన ఆయనకి వచ్చింది, అందుకు ఆయన పేరు నిలవాల్సిందే. కానీ దాత పేరు రాసినంత మాత్రాన సొమ్ము ఎవరిదో చెరిగిపోదు. ఒక ఇంటి పెద్ద తమ్ముళ్ళ వాటా కూడా కలిపి ఊరికి బావి తవ్వించాడనుకోండి. బావికి పెద్దాయన పేరు పెట్టండి, తప్పులేదు. ఆ తమ్ముళ్ళ పిల్లలు దాహంతో వస్తే మాత్రం వాళ్ళని వరసలో చివర నిలబెట్టకూడదు.

అల్లూరి విషయానికి వస్తాను, ఎందుకంటే కొండల పేరెత్తగానే మనకి గుర్తొచ్చేది ఆయనే. 1897 జులై 4న భీమిలి దగ్గర పాండ్రంగిలో పుట్టి, 1924 మే 7న కొయ్యూరులో కాల్పులకి బలైన ఆ యువకుడి మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్ళిన ధైర్యం ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడిచేలా ఉంటుంది. కానీ ఆ కథ మనం చెప్పే తీరులో ఒక పెద్ద ఖాళీ ఉంది. పోరాటం ఆయనతో పుట్టినట్టు, ఆయనతో ముగిసినట్టు చెబుతాం.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడు మీద ఆంక్షలు పడ్డాయి. తరతరాలుగా కొట్టుకుని విత్తుకుని బతికిన కొండవాలు రాత్రికి రాత్రి సర్కారుదైంది. నర్సీపట్నం నుంచి కొండ మీదికి రోడ్డు వేయించేటప్పుడు గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కూలీ సరిగ్గా ఇవ్వకుండా పని చేయించుకున్నాడు. ముఠాదార్లు, అంటే ముఠా అనే కొండ ఊళ్ళ గుంపుకి పెద్దలు, హక్కులు పోగొట్టుకున్నారు. బట్టిపనుకుల ముఠా పోగొట్టుకున్న గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర, గోకిరి ఎర్రేసు, ఇంకా పేరు తెలియని వందలమంది అప్పటికే మండుతున్నారు. సీతారామరాజు వాళ్ళ దగ్గరికి వెళ్ళి వాళ్ళలో ఒకడయ్యాడు, దారి చూపించాడు. అది ఆయన గొప్పతనం. కొండవాళ్ళు ఆయన్ని దాచి, అన్నం పెట్టి, వార్తలు మోసి, రెండేళ్ళు పోలీసుల దెబ్బలు తిన్నారు. అది వాళ్ళ గొప్పతనం. రెండోది చెప్పకుండా మొదటిది చెబితే కథ సగమే అవుతుంది.

గంటందొర 1924 జూన్‌లో, రాజు పోయిన కొద్ది వారాలకే కాల్పుల్లో చనిపోయాడు. మల్లుదొర పట్టుబడి ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నాడు. బయటికి వచ్చాడు. 1952లో దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి ఇండిపెండెంటుగా గెలిచి లోక్‌సభకి వెళ్ళాడు. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. బ్రిటిష్ ప్రభుత్వం మీద విల్లు, తుపాకీ పట్టిన ఒక ఆదివాసీ, శిక్ష అనుభవించి, ముప్ఫై ఏళ్ళ తర్వాత స్వతంత్ర దేశపు పార్లమెంటులో కూర్చున్నాడు. మన నియోజకవర్గం నుంచే. ఇంత పెద్ద సంగతి మన స్కూలు పిల్లలకి ఎందుకు తెలియదు? అల్లూరి గురించి క్విజ్ పెడితే తేదీలతో సహా చెప్పే పిల్లలు మల్లుదొర పేరు వింటే తెల్లమొహం వేస్తారు. తప్పు పిల్లలది కాదు. మనం వాళ్ళకి ఒక్కడి బొమ్మే చూపించాం.

2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. సంతోషం. కానీ జిల్లాకి పేరు పెట్టడం సులువైన పని. ఆ జిల్లాలో డోలీ కట్టి గర్భిణిని మోసుకొచ్చిన వార్త ఇప్పటికీ పేపర్లో కనిపిస్తూనే ఉంది. ఆయన కొట్లాడింది రోడ్డు కూలీ కోసం, అడవి హక్కు కోసం. ఆ జిల్లాలో ఒక ఊరికి రోడ్డు పడినప్పుడే ఆయన జయంతి జరిగినట్టు నా లెక్క.

ఈ విషయంలో దారి ఎప్పుడో చూపించినవాడు ఒకడున్నాడు. గిడుగు రామమూర్తి. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం కాబట్టి ఆయన ఫొటో అందరికీ తెలుసు. ఉపన్యాసాలన్నీ వ్యావహారిక భాష గురించే. ఆయన జీవితంలో ఇంకో సగం పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో గడిచింది. అక్కడ మేష్టరుగా ఉండగా సవరలు మాట్లాడేది విని, ఆ భాష నేర్చుకోవాలని పట్టుబట్టాడు. నేర్చుకున్నాడు. సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే వాచకాలు రాశాడు. మద్రాసు ప్రభుత్వం ఆ పనికి పారితోషికం ఇవ్వబోతే నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టండి అన్నాడు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఏళ్ళ తరబడి మలేరియా కొండల్లో తిరిగి మందులు మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నాడు.

చదువుకున్నవాడు కొండకి వెళ్తే ఏం తీసుకురావాలా అని చూసిన రోజుల్లో, ఏం ఇచ్చి రావాలా అని వెళ్ళిన మనిషి ఆయన. తెలుగుకి చేసిన మేలు, సవరకి చేసిన మేలు ఆయన మనసులో వేరువేరు కావు. జనం మాట్లాడే మాటలోనే జనానికి చదువు చెప్పాలన్న ఒకే పట్టుదల రెండింటికీ మూలం. మనం మాత్రం మనకి పనికొచ్చిన సగాన్ని ఉంచుకుని, కొండవాళ్ళకి పనికొచ్చిన సగాన్ని మర్చిపోయాం. ఆగస్టు 29న పాడేరులోనో సీతంపేటలోనో ఒక సవర పిల్లో, కువి అనే ఆదివాసీ భాష మాట్లాడే పిల్లాడో తన భాషలో పాఠం చదివే ఏర్పాటు జరిగితే గిడుగుకి అంతకంటే పెద్ద పండగ ఉండదు.

స్టీల్ ప్లాంటు కథ కూడా ఇదే దారిలో నడిచింది కాబట్టి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. 1966లో అమృతరావు నిరాహార దీక్ష, తెన్నేటి విశ్వనాథం నాయకత్వం, నవంబరు 1న విశాఖలో కాల్పులు, రాష్ట్రం మొత్తం మీద 32 మంది ప్రాణాలు. తెన్నేటి పేరు మీద బీచ్ రోడ్డులో పార్కు ఉంది, ఉండాల్సిందే. ఆ ప్లాంటు కోసం 64 ఊళ్ళు ఖాళీ చేసి భూములు ఇచ్చినవాళ్ళలో నిర్వాసితులకి ఇచ్చిన ఆర్ కార్డు చేతిలో పట్టుకుని ఉద్యోగం కోసం ముసలివాళ్ళైపోయినవాళ్ళు గాజువాక వైపు వీధి వీధికీ ఉన్నారు. ఉక్కు అనగానే నాయకుల పేర్లు వస్తాయి, వాళ్ళ ఊళ్ళ పేర్లు రావు.

ఇదంతా విన్న ఒక స్నేహితురాలు ఒక మాట అంది. "పెద్దవాళ్ళని పెద్దవాళ్ళుగా ఉండనివ్వవు, ప్రతిదానికీ లెక్కలు అడుగుతావు. పిల్లలకి ఆదర్శం అవసరం, లెక్క కాదు." ఆమె మాటలో న్యాయం ఉంది. పదేళ్ళ పిల్లాడికి శ్రీశ్రీ విగ్రహం ముందు సిస్తు వసూళ్ళ చరిత్ర చెప్పమని నేను అనడం లేదు. కానీ ఆదర్శం ఆకాశం నుంచి ఊడిపడినట్టు చెబితే, పిల్లాడికి మిగిలేది దణ్ణం పెట్టడమే. ఒక కాలేజీ, ఒక ల్యాబు, దాన్ని నిలబెట్టినవాళ్ళు, వెనక నిలబడినవాళ్ళు, ఇవన్నీ కలిస్తేనే రామన్ లాంటివాడు, అల్లూరి లాంటివాడు వచ్చాడని చెబితే, తాను చేయగలిగిన పని ఏదో ఒకటి కనిపిస్తుంది. నోబెల్ తేలేకపోయినా ఒక ల్యాబు మూతపడకుండా చూడగలడు. దళం నడపలేకపోయినా ఒక ఊరికి అండగా నిలబడగలడు. నాకు ఆ రెండో రకం ఆదర్శమే ఎక్కువ మందికి అందుతుందని గట్టి నమ్మకం.

ఇప్పుడు ఆంధ్ర యూనివర్సిటీకి శతాబ్ది ఏడాది. సభలు జరుగుతాయి, జరగాలి. వాటితోపాటు కొన్ని పనులు జరగాలని కోరుకుంటున్నాను. బీచ్ రోడ్డులో ప్రతి విగ్రహం దగ్గరా ఒక పలక పెట్టి, ఆ మనిషి చేసిన పని, ఆయనతో నిలబడ్డవాళ్ళ పేర్లు రాయాలి. అల్లూరి పలక మీద గంటందొర, మల్లుదొర, ఎర్రేసు ఉండాలి. 1952 ఎన్నిక సంగతి ఉండాలి. గురజాడ పలక మీద అయ్యంగార్, యేట్స్ ఉండాలి. డాబాగార్డెన్స్‌లో అబ్జర్వేటరీ ఉండేదని తెలిపే చిన్న గుర్తయినా పెట్టాలి. ఆ కుటుంబం రాసిపెట్టిన ఆకాశపు లెక్కలు, పాత కాలేజీ రికార్డులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి స్కాన్ చేసి అందరికీ అందుబాటులో ఉంచాలి. కాగితం ఈ ఊరి తేమకి ఎన్నాళ్ళో ఆగదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. విక్రమదేవ్ వర్మ పేరు మీద, ఆ డబ్బు వచ్చిన కొండల పిల్లల కోసం సైన్సు సీట్లు, హాస్టలు, స్కాలర్‌షిప్పు. ఒకవైపు అల్లూరి జిల్లా, ఇంకోవైపు కొరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి. రాష్ట్రం వేరు కదా అనే మాట ఇక్కడ చెల్లదు. డబ్బు తీసుకున్నప్పుడు ఆ గీత లేదు. విజయనగరం దగ్గర ట్రైబల్ యూనివర్సిటీ వచ్చింది కదా అంటారు. వచ్చింది, మంచిది, కానీ ఈ బాకీ ఆ సంస్థది కాదు.

సీటు ఇచ్చి ఊరుకున్నా సరిపోదు. మా స్నేహితుడు మొదటి ఏడాదంతా ఇంగ్లీషుకీ, మన తెలుగుకీ మధ్య నలిగిపోయాడు. ఇంట్లో మాట్లాడేది ఒకటి, బడిలో చదివింది ఒడియా, ఇక్కడ అడిగేది ఇంకొకటి. వాడు నిలబడ్డాడు కాబట్టి నేను వాడి కథ చెప్పగలుగుతున్నాను. మొదటి సెమిస్టర్‌లోనే పెట్టె సర్దుకుని కిరండూల్ పాసింజరు ఎక్కేసినవాళ్ళు కూడా మా హాస్టల్లో ఉన్నారు. వాళ్ళని ఆపే మేష్టరు కావాలి, వాళ్ళ భాష రెండు ముక్కలు నేర్చుకునే వార్డెన్ కావాలి.

1930ల్లో ఏటా వచ్చిన లక్ష ఇవాళ ఎన్ని కోట్లకి సమానమో లెక్కకట్టడానికి బయటివాళ్ళని పిలవక్కర్లేదు. అదే యూనివర్సిటీలో అర్థశాస్త్ర విభాగం ఉంది, చరిత్ర విభాగం ఉంది, పాత పద్దులు వాళ్ళకి అందుబాటులో ఉంటాయి. ఎన్నేళ్ళు వచ్చిందో, మొత్తం ఎంత వచ్చిందో వాళ్ళు కూర్చుని తేల్చాలి. ఆ అంకెని శతాబ్ది సభ వేదిక మీద వైస్ ఛాన్సలర్ గారు చదవాలి. దానికి తగ్గట్టు వచ్చే జూన్ అడ్మిషన్లలో కొరాపుట్ పిల్లలకి ఎన్ని సీట్లో అదే వేదిక మీద చెప్పాలి.